గోతాం బరువు తీసేసిన రాత్రి

మా నాన్నగారు గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమాస్తాగా పనిచేశారు. కంటికి కనబడని పరారుణ కాంతిలో నక్షత్రాన్ని ఎలా కొలుస్తారో నేను అరగంటసేపు వివరిస్తే, "అంటే గోతాం బరువు తీసేసి కాయ బరువు కట్టడమేగా అమ్మా" అని ఒక్క మాటలో తేల్చేశారు. నిజానికి పని అదే.

లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుకు 2013లో టిర్‌స్పెక్ అనే, పరారుణ కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి చూపే వర్ణపటమాపకాన్ని బిగించారు. దానితో వృషభ రాశిలోని ఒక పసి నక్షత్రాన్ని చూడడానికి నాకు నవంబరులో ఒక రాత్రి దొరికింది. అంత ఎత్తుకు ఎక్కనక్కరలేదు. బెంగళూరు దగ్గరి హోసకోటే కేంద్రంలో కూర్చుంటే, ఉపగ్రహం ద్వారా టెలిస్కోపు మన మాట వింటుంది.

పరారుణానికి ఆకాశం ఎన్నడూ చీకటి కాదు. దాదాపు 87 కిలోమీటర్ల ఎత్తున హైడ్రాక్సిల్ అణువులు రాత్రంతా వెలుగుతూ, వర్ణపటం నిండా గీతలు గీస్తాయి. అందుకే నక్షత్రాన్ని స్లిట్ అనే సన్నని చీలిక మీద ఒకచోట ఉంచి ఒక ఎక్స్‌పోజర్, అదే స్లిట్ మీద కొద్దిగా జరిపి మరొకటి తీసి, ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తాము. ఆకాశం పోయి, ఒక తెల్లని చార, దాని పక్కనే ఒక నల్లని చార మిగులుతాయి. తెర మీద మొదటిసారి ఆ జంట చారలు కనబడినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ వెంటనే, మన గాలిలోని నీటి ఆవిరి మింగిన భాగాన్ని సరిదిద్దేందుకు, ఆకాశంలో దాదాపు అంతే ఎత్తులో ఉన్న, వర్ణపటం ముందే బాగా తెలిసిన ఏ0 తరగతి నక్షత్రాన్ని చూశాను. ఈ హడావిడిలో తరంగదైర్ఘ్యానికి కొలబద్ద అయిన ఆర్గాన్ దీపాన్ని వెలిగించడం పూర్తిగా మరచిపోయాను. తెల్లవారాక గుర్తొచ్చేసరికి తరువాతి పరిశీలకుల కోసం అమరిక మారిపోయింది. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు.

ఇంటికి వచ్చాక బ్రాడీపేటలోని మా మేడగదిలో వారం రోజులు కూర్చున్నాను. తీసివేతకు ముందున్న చిత్రాల్లో హైడ్రాక్సిల్ గీతలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటి తరంగదైర్ఘ్యాలు పట్టికల్లో ఖచ్చితంగా ఉన్నాయి. రాత్రంతా వదిలించుకోజూసిన వాటినే ఒక్కొక్కటిగా గుర్తుపట్టి కొలబద్ద కట్టుకున్నాను. 2.166 మైక్రాన్ల దగ్గర నక్షత్రంలో పడుతున్న వాయువు ఆనవాలైన బ్రాకెట్ గామా అనే హైడ్రోజన్ గీత లేచి నిలిచింది. నాన్నగారికి చూపిస్తే, "గోతాం మీదే మార్కా ఉంటుంది, పారేస్తారా ఎవరైనా" అన్నారు.

అయితే 2.3 మైక్రాన్లు దాటాక ఆ గీతలు పలచబడతాయి కాబట్టి, అక్కడి కార్బన్ మోనాక్సైడ్ పట్టీల వేగాలను నేను నమ్మలేదు. ఆ భాగం వరకు టెలిస్కోపు సమయానికి మళ్లీ దరఖాస్తు పెట్టాను.