ఎగిరే కప్పను రిజిస్టరులోంచి దించబోయి...

నిన్న సాయంత్రం తీర్మానం మీద సర్పంచి సంతకం పడింది. మా ఊరి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులోకి ఎట్టకేలకు చెట్టుకప్ప ఎక్కింది. నకలు నా చేతిలో ఉంది, కోపం మాత్రం ఇంకా దిగలేదు. దిగాక రాస్తే అందరూ మంచివాళ్లుగా కనిపిస్తారు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. ఊరి పేరు, ఆఫీసుల పేర్లు చెప్పను. కడప జిల్లాలో కొండల అంచున ఉన్న ఊరు, అక్కడి హైస్కూల్లో నేను జీవశాస్త్రం టీచర్ని. అంతవరకు తెలిస్తే చాలు.

ఈ రిజిస్టరు ఒకటుందని చాలామందికి తెలియదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లో ఏ చెట్టు, ఏ పశువు, ఏ పురుగు ఉన్నాయో ఊరివాళ్లను అడిగి ఆ కమిటీ ఒక పుస్తకం తయారు చేయాలి. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కన్నెర్ర చేసి, 2020 జనవరి 31 లోపు పూర్తి చేయని రాష్ట్రాలు నెలకు పది లక్షలు కట్టాలనేసరికి దేశమంతా పరుగులు మొదలయ్యాయి. మా ఊరి పుస్తకం ఆ హడావుడిలో తయారైందే. ఒక ఏజెన్సీ కుర్రాళ్లు పొద్దున బస్సు దిగి, మధ్యాహ్నం బస్సుకే తిరిగి వెళ్లిపోయారట.

చూడటానికి ఏ ఇబ్బందీ కాలేదు. పంచాయతీ కార్యదర్శి మర్యాదస్తుడు, ఓటర్ల జాబితాల కింద నుంచి తీసి, దుమ్ము దులిపి ఇచ్చాడు.

ఉభయచరాల పేజీ తెరిచాను. "మలబారు ఎగిరే కప్ప. ఆవాసం: చెట్లు. గతంలో: సమృద్ధి. ప్రస్తుతం: సమృద్ధి. ఉపయోగం: లేదు." పక్కన రంగుల ఫొటో. తమాషా ఏమిటంటే ఫొటోలో ఉన్నది మలబారు కప్ప కూడా కాదు. ఎర్రటి కళ్లు, పక్కల మీద నీలం పసుపు చారలు, నారింజ రంగు పాదాలు. అది మధ్య అమెరికాలో ఉండే ఎర్రకళ్ల చెట్టుకప్ప. పేరు పడమటి కనుమలది, బొమ్మ కోస్టారికా వైపుది, ఊరేమో మాది. ఎండాకాలంలో మా స్నానాల గదుల్లో బకెట్ల వెనక నక్కి కూర్చునే అసలు చెట్టుకప్ప ఆ పేజీలో ఎక్కడా లేదు.

ఆధారాలు కూడగట్టడం నాకు పండగే. మా బడి వెనక కానుగ చెట్టు కింద ఒక సిమెంటు తొట్టి ఉంది. తొలి వానలు పడిన రాత్రి దాని గోడ మీద, నీటికి జానెడు పైన, పెద్ద ఆడకప్ప, దాని వీపు మీద చిన్న మగకప్ప కనిపించాయి. ఆడది విడిచే జిగురు ద్రవాన్ని వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేస్తుంది. గుడ్లన్నీ ఆ నురగలోనే. తెల్లారేసరికి పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు నురగ కింది భాగం కరిగి, తోకకప్పలు ఒక్కొక్కటే కింద నీళ్లలోకి జారిపడతాయి. చేపలు, నీటి పురుగులు గుడ్లను తినకుండా ఇదొక ఏర్పాటు. మాలాంటి కరువు సీమలో వాన మళ్లీ ఎప్పుడు పడుతుందో తెలియదు కదా, ఈ కప్పకు నాలుగు రోజుల ఎడం తట్టుకునే తెలివి ఉంది.

ఇంకో రాత్రి లేబొరేటరీ కిటికీ అద్దానికి బయటి వైపు ఒకటి అతుక్కుని ఉంటే, పిల్లలను పిలిచి లోపలి నుంచి చూపించాను. వేళ్ల చివర గుండ్రటి బిళ్లలు అద్దానికి నొక్కుకుని తెల్లగా కనిపించాయి. ఆ బిళ్లల మీద ఆరు పలకల కణాలు, వాటి మధ్య సన్నని కాలువలు, ఆ కాలువల్లో పలచని జిగురు తడి ఉంటాయి. పట్టు అంతా అక్కడిదే. అది కాలు చాపినప్పుడు తొడ వెనక ముదురు గోధుమరంగు మీద గుండ్రటి పసుపు చుక్కలు బయటపడ్డాయి. సాధారణ భారతీయ చెట్టుకప్పను గుర్తుపట్టేది ఆ చుక్కలతోనే. ముందు వేళ్ల మధ్య చర్మం ఉందా అని అడిగాను. "లేదు మేడమ్" అని ముక్తకంఠంతో చెప్పారు. మలబారు కప్పకైతే చేతి వేళ్ల మధ్య కూడా ఎర్రటి చర్మం పూర్తిగా పరుచుకుని ఉంటుంది, గాలిలో తేలేది దాని సాయంతోనే. మా తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన ఈ తేడా రిజిస్టరు తయారుచేసి బిల్లు తీసుకున్నవాళ్లకు తెలియలేదు.

మీరు ఫొటోలు తీస్తే కప్పను చేత్తో పట్టుకోకండి. అది చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటుంది, మన చేతి ఉప్పు, సబ్బు దానికి పడవు. తొడ చుక్కలు, చేతి వేళ్లు, చెవి మీద నుంచి భుజం దాకా వచ్చే చర్మపు మడత కనిపించేలా తీస్తే చాలు. కప్పల మీద పనిచేసే ఇద్దరికి ఫొటోలు పంపాను, ఆ రాత్రే నిర్ధారించారు. ఆఫీసుకు సోమవారం వెళ్లకండి, అది అర్జీల రోజు, భూమి తగాదాల మధ్య మీ కప్పను ఎవరూ వినరు.

ఇక కమిటీ సమావేశం. పంచాయతీ వరండాలో కమిటీ సభ్యులు, సర్పంచి, కార్యదర్శి, కొందరు రైతులు, కాలక్షేపానికి వచ్చినవాళ్లు, మండలం నుంచి ఒక అధికారి. నేను అడిగింది రెండే. చెట్టుకప్పను చేర్చండి, ఎగిరే కప్పను తీసేయండి.

ఫొటోల కవరు తెరవకముందే అధికారి, "మేడమ్, మీకు బడిలో పని తక్కువగా ఉన్నట్టుందే" అన్నాడు. వరండా అంతా నవ్వింది. నా దగ్గర చదువుతున్న పిల్లవాడి తండ్రి కూడా నవ్వాడు. ఆయన ముఖం గుర్తుపెట్టుకున్నాను. తర్వాత అధికారి, "మీరు కప్పల నిపుణులని ధ్రువీకరణ పత్రం ఉందా?" అన్నాడు. ఎమ్మెస్సీ జువాలజీలో నాకొచ్చిన మార్కులు ఆయన ఏ పరీక్షలోనూ చూసి ఉండడు, కానీ ఆ మాట వరండాలో అనలేం కదా. ఇక్కడ అంటున్నాను.

"కప్ప నీళ్లలో గుడ్లు పెడుతుందని మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. గోడ మీద గుడ్లేమిటి?" అన్నది తర్వాతి ప్రశ్న. పాఠం ఒక కప్ప కథే చెబుతుంది, ప్రపంచంలో కప్ప జాతులు ఏడు వేలకు పైనే అన్నాను. రిజిస్టరులో మీరు అతికించిన ఎర్రకళ్ల కప్ప నీటి మీదకు వంగిన ఆకులకు గుడ్లు అంటిస్తుంది, పాము వచ్చి కొరకడం మొదలుపెడితే ఆ అదురుకే లోపలి పిల్లలు గడువుకు ముందే గుడ్డు చీల్చుకుని నీళ్లలోకి దూకేస్తాయి, ఇది 1995 నుంచి శాస్త్రవేత్తలు రాసి చూపిస్తున్నారు అని చెప్పాను. పడమటి కనుమల పొదకప్పల్లో తోకకప్ప దశే ఉండదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్ప బయటికొస్తుంది అన్నాను. ఈశాన్య రాష్ట్రాల్లో ఒక చెట్టుకప్ప ఉంది, 1876లో పేరు పెట్టాక కనుమరుగై 2016లో మళ్లీ లోకానికి తెలిసింది, చెట్టు తొర్రలో నిలిచిన నీళ్లలో దాని పిల్లలు తల్లి పెట్టే, ఫలదీకరణ చెందని గుడ్లు తిని బతుకుతాయి అన్నాను. పాము దగ్గరే నవ్వులు ఆగిపోయాయి. తొర్ర దగ్గరికి వచ్చేసరికి కార్యదర్శి పెన్ను పక్కన పెట్టి వింటున్నాడు.

అధికారి మాత్రం, "ఇవన్నీ మన మండలంలో ఉన్నాయా?" అన్నాడు.

"లేవు సార్. అందుకే రాయకూడదంటున్నాను."

ఇంత చక్కగా దొరికిన జవాబు నా ఉద్యోగ జీవితంలో ఇంకొకటి లేదు. దానివల్ల ఒరిగింది మాత్రం శూన్యం. ఎందుకంటే అప్పుడాయన పట్టిక తీశాడు. జీవి స్థితికి అందులో రెండే గడులు. జీవి గతంలో ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది. ఎప్పుడూ లేదు అని రాయడానికి గడి లేదు. "ఒకసారి నమోదైన జీవిని ఎలా తీసేస్తాం? ఊరి జీవవైవిధ్యం తగ్గిందని పైనుంచి సంజాయిషీ అడుగుతారు. మీరు అంతగా పట్టుబడితే 'ప్రస్తుతం: అంతరించింది' అని రాద్దాం" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పనామా అడవుల రాబ్స్ చెట్టుకప్పకు శాస్త్రీయంగా పేరు పెట్టింది 2008లో. మనిషికి తెలిసిన చివరిది 2016 సెప్టెంబరులో అట్లాంటాలోని ఒక వృక్షోద్యానంలో చచ్చిపోయింది. అయినా శాస్త్రజ్ఞులు ఆ జాతి అంతరించిందని ఖాయంగా రాయడానికి వెనకాడుతున్నారు, అడవిలో ఏ మూలైనా ఒకటి మిగిలిందేమోనని. ఇక్కడ ఈయన మా ఊళ్లో పుట్టని కప్పను ఒక్క పెన్నుపోటుతో చంపేయబోతున్నాడు. "అంతరించడానికి కారణం కూడా రాయాలి సార్" అని కార్యదర్శి గుర్తుచేశాడు. "వర్షాభావం అని రాయండి" అన్నాడు ఆయన, తడుముకోకుండా. మా సీమలో ఆ మాట రాస్తే ఏ ఫైలైనా కదులుతుందని ఆయన అనుభవం కాబోలు.

సర్పంచి బాధ వేరు. ఎగిరే కప్ప ఉన్న ఊరని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడట. "ఉంటే మీకేం నష్టం టీచరమ్మా?" అన్నాడు నొచ్చుకుని. ఏటా సుమారు 700 మిల్లీమీటర్ల వాన పడే మన చోట, ఎప్పుడూ తడి ఆరని అడవిలో బతికే కప్ప ఎలా ఉంటుందని అడిగితే, "లేదనడానికి మీ దగ్గర ఆధారం ఏది?" అని అధికారి మళ్లీ మొదటికొచ్చాడు.

రైతుల అభ్యంతరాన్ని మాత్రం నేను కొట్టిపారేయను. మూలన కూర్చున్న పెద్దాయన ఒకరు లేచి, "అమ్మా, కలివికోడి పిట్ట పేరు చెప్పి తెలుగుగంగ కాలువనే పక్కకు జరిపారు. రేపు కప్ప పేరు చెప్పి నా బోరు ఆపరని ఏమిటి నమ్మకం?" అన్నారు. సమావేశం మొత్తంలో అర్థమున్న ప్రశ్న అదొక్కటే. రిజిస్టరులో ఎక్కినంత మాత్రాన భూమి మీద హక్కు మారదని, జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించడం చట్టంలో 37వ సెక్షన్ కింద వేరే వ్యవహారమని, దానికి స్థానిక సంస్థను సంప్రదించాలని నిదానంగా చెప్పాను. కలివికోడి సంగతి కూడా ఎత్తాను. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ పేరే ఇంగ్లీషులో ఆ పిట్టకు ఉంది. 1900 తర్వాత కనిపించక, పోయిందనుకున్న పిట్ట 1986లో మన లంకమల దగ్గరే మళ్లీ దొరికింది. ఆ జెర్డానే 1870లో ఈ మలబారు కప్పను వర్ణించి పేరు పెట్టాడు. "పిట్ట మన వాకిట్లోది, కప్ప పడమటిది. ఆయన దేన్ని ఎక్కడ చూశాడో అక్కడే రాసుకున్నాడు, మనం కూడా అంతే చేద్దాం" అన్నాను.

పెద్దాయన నా ఫొటో అడిగి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇదా? వానకు ముందు టక్ టక్ మని అరిచేది. మా బావి గోడకు నా చిన్నప్పటి నుంచీ ఉంది. దీనికి ఇంత రభస ఎందుకు, రాసుకోండి" అన్నారు. అంతే. స్థానికుల వాంగ్మూలం అన్న గడిలో ఆయన పేరు రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. నా చదువు, ఫొటోలు, ఇద్దరు పరిశోధకుల ఉత్తరాలు ఏ గడిలోనూ పట్టలేదు. ఈ పని మీద వెళ్లేవాళ్లు ముందు ఊళ్లోని పెద్ద రైతును వెంటబెట్టుకుని వెళ్లండి, ఫొటోలు తర్వాత. అధికారి నవ్వుకు మందు అదే.

ఉపయోగం గడి దగ్గర మళ్లీ కాసేపు ఆగింది. "దోమలు తింటుంది" అని రాద్దామన్నారు. దాని నోటికి దొరికేవి ఎక్కువగా చిమ్మటలు, కీచురాళ్లు, బొద్దింకలు, కాబట్టి "పురుగులను తింటుంది" అని రాయించాను. ఎగిరే కప్ప ఎదుట ఎర్ర సిరాతో "పరిశీలనలో ఉంది" అని రాశారు, ఫొటో మాత్రం చింపించాను. చివరి కాగితం సర్పంచి బల్ల మీద చాన్నాళ్లు పడి ఉండి నిన్న కదిలింది.

నకలు తీసుకునేటప్పుడు పక్క పేజీ కూడా తిరగేశాను. చేపల జాబితాలో పులస ఉంది. వరద కాలంలో గోదావరికి ఎదురీదే పులస, పెన్నలో నీళ్లు కనబడితే సంబరపడే మా ఊళ్లో, "ప్రస్తుతం: సమృద్ధి". వచ్చే గ్రామసభకు అర్జీ రాసి పెట్టాను. పెద్దాయనకు కూడా చెప్పి ఉంచాను.