లక్ష్మివారం: మావుసీ అడిగిన ఒక్క ప్రశ్న

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తెలుగు ఇళ్ళల్లో గురువారం అనే మాట పెద్దగా వినపడదు, అందరం లక్ష్మివారమే అంటాం. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు నా రూమ్మేట్ బేస్తవారం అనేది, నేను లక్ష్మివారం అనేదాన్ని. అదేం పేరు అని ఒకసారి అడిగితే మా వైపు అలాగే అంటామని చెప్పి ఊరుకున్నాను. ఎందుకంటామో నాకూ తెలీదు, ఎవరినీ అడగాలని కూడా తోచలేదు.

ఇన్నేళ్ళకి నాచేత అడిగించింది మా పక్కింటి ఒడియా ఆవిడ. నేను మావుసీ అంటాను, అంటే పిన్ని.

కార్తీక పౌర్ణమి వెళ్ళి రెండు మూడు రోజులే అయింది. పొద్దున్నే పాలకి వెళ్తుంటే మావుసీ గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలో చిన్న గుడ్డపేలిక ముంచి, వేలి మీదుగా జారుస్తూ ముగ్గు వేస్తున్నారు. వాళ్ళు దాన్ని ఝోటి అంటారు. వరి కంకులు, పద్మం, వాకిట్లోంచి లోపలికి నడుస్తున్నట్టు బుజ్జి బుజ్జి పాదాలు. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా కనబడవు, ఆరేకొద్దీ తెల్లగా తేలతాయి. మార్గశిర లక్ష్మీ పూజ అన్నారు. మాకింకా కార్తీకమే కదా, పోలి స్వర్గం కూడా రాలేదు కదా అన్నాను. వాళ్ళకి పౌర్ణమితో నెల మారుతుంది, మనకి అమావాస్యతో. అందుకే ఆవిడ లక్ష్మి మా లక్ష్మి కంటే పదిహేను రోజులు ముందే బయల్దేరుతుంది.

లోపల పీట మీద కొలపాత్ర నిండా కొత్త ధాన్యం. అదే అమ్మవారు. మాణ అంటే మన మానికలాంటిదే, దాన్ని పీట మీద కూర్చోబెడతారు కాబట్టి మాణబసా. పూజయ్యాక బలరామ దాసు రాసిన లక్ష్మీ పురాణం చదివారు, ఆయన పదిహేను, పదహారు శతాబ్దాల నాటి ఒడియా భక్తకవి. కథ ఇది. మార్గశిర గురువారం లక్ష్మీదేవి ఊరు చూడ్డానికి బయల్దేరి, వీధులు ఊడ్చే శ్రియ ఇంటికి వెళ్తుంది. అంటరానిదని ఊరు దూరం పెట్టిన మనిషి ఆమె. ఇల్లు అలికి, ముగ్గు పెట్టి, మనసారా పిలిచింది, అమ్మవారు వెళ్ళింది. అది చూసిన బలభద్రుడు లక్ష్మిని ఇంట్లోకి రానివ్వద్దని ఆమె భర్త, తన తమ్ముడు జగన్నాథుడితో చెప్తాడు. లక్ష్మి వెళ్ళిపోతుంది. అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్ళు అన్నానికి మొహం వాచి, చివరికి ఆమె ఇంటి గుమ్మంలోనే అడుక్కుంటారు. ఆమె వండి పెడుతుంది. తిరిగి రావడానికి ఒక షరతు పెడుతుంది, పూరీలో మహాప్రసాదం కులం చూడకుండా అందరూ కలిసి తినాలని.

చదవడం ఆపి మావుసీ అడిగారు, "మీ కథలో లక్ష్మి ఎవరింటికి వెళ్తుంది?"

నేను చెప్పలేకపోయాను. మార్గశిర లక్ష్మివారాల్లో మా మామ్మ ఏటా చేసే వ్రతం కథ అది. మొదటి వారం పులగం, తర్వాత అట్లు, అప్పాలు, గారెలు, పుష్యంలో పడే ఐదో వారం పూర్ణాలు... తిన్నవన్నీ వరసగా గుర్తున్నాయి, కథ ఒక్క ముక్క గుర్తులేదు.

ఆ సాయంత్రమే పాతపట్నంలో ఉన్న మామ్మకి ఫోన్ చేశాను. సవతి తల్లి ఇంట్లో పిల్ల మట్టితో లక్ష్మి బొమ్మ చేసి, తినమని ఇచ్చిన బెల్లం ముక్కే నైవేద్యం పెట్టి ఆడుకునేదట. పెళ్ళయ్యాక బొమ్మని వెంట తీసుకెళ్ళిపోతే పుట్టిల్లు చితికిపోయింది. చివరికి సవతి తల్లి కూతురి ఇంటికొచ్చి వ్రతం పడుతుంది. ఒక వారం పిల్లలకి చద్దన్నం పెడుతూ తనూ ఓ ముద్ద తినేస్తుంది, ఇంకో వారం వాళ్ళకి తల దువ్వుతూ తనూ దువ్వుకుంటుంది. ఇక లాభం లేదని ఆఖరి వారం కూతురే ఆవిడ కొంగుని తన కొంగుకి ముడేసుకుని, పక్కనే కూర్చోబెట్టుకుని పూజ చేయిస్తుంది.

ఆ కొంగుముడి దగ్గర నాకు గొంతు పట్టేసింది. అక్కడ తనని గెంటేసినవాళ్ళకి లక్ష్మి అన్నం పెడుతోంది. ఇక్కడ తనని సరిగ్గా చూడని ఆవిడని ఈ పిల్ల కొంగుకి కట్టుకుంటోంది. ఇంత పెద్ద మాట మా ఇంట్లోనే ఉంటే, ఆ రోజు తలకి నూనె రాయకూడదు, దువ్వుకోకూడదు అన్నంతవరకే నేను పట్టుకున్నాను. నియమాలు తప్పని అనను, అవి లేకపోతే ఈ వ్రతం నా వరకూ వచ్చేదే కాదేమో. కానీ కథ వినకుండా నియమం ఒక్కటే పాటిస్తే అమ్మవారిని గుమ్మంలో నిలబెట్టి తలుపేసుకున్నట్టే అనిపిస్తోంది.

తర్వాత మామ్మకి శ్రియ కథ చెప్పాను. చెప్తుంటే నాకు వాళ్ళ పెరట్లో, గోడ గూట్లో, విడిగా బోర్లించి ఉండే స్టీలు గ్లాసు గుర్తొచ్చింది. దొడ్డి శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడకి అందులోనే నీళ్ళు పోసేవారు. అది కూడా అడిగేశాను. మామ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అప్పుడు అలాగే ఉండేదమ్మా, నేనూ అలాగే పోశాను" అంది.

మరుసటి లక్ష్మివారం తనే ఫోన్ చేసింది. పుట్టి పెరిగింది పర్లాకిమిడిలోనే కాబట్టి మామ్మకి ఒడియా బాగానే వచ్చు. మావుసీ చదువుతుంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పీట పక్కన ఉంచాను. లక్ష్మి శ్రియ గుమ్మంలో అడుగు పెట్టే చోట మామ్మ గొంతు వినిపించింది, "అక్కడ మళ్ళీ ఒకసారి చదవమనమ్మా."