పాత కెమెరా విలువను వయసు నిర్ణయించదు

పాత కెమెరా ఫొటో పంపి వెల అడిగేవారిలో ఎక్కువమంది ముందుగా చెప్పేది దాని వయసే. వయసు పెరిగిన కొద్దీ వెల పెరుగుతుందన్న ఆ నమ్మకం కెమెరాల దగ్గర నిలవదు. కొడాక్ సంస్థ 1900లో ఒక్క డాలరు ధరకు విడుదల చేసిన బ్రౌనీ పెట్టె కెమెరా, దాని తరువాతి రూపాలు లెక్కకు మించి తయారయ్యాయి కనుక, వాటిలో చాలా రకాలు ఇప్పటికీ చవకగానే దొరుకుతాయి. 1954లో వచ్చిన జర్మన్ కెమెరా లైకా ఎం3 వాటికంటే వయసులో ఎంతో చిన్నదే అయినా వాటికి ఎన్నో రెట్లు పలుకుతుంది.

అసలు వెల గురించి మాట్లాడే ముందు చేతిలో ఉన్నది ఏ కెమెరానో తేలాలి. మడత కెమెరా ముందుభాగాన స్పష్టంగా కనిపించే ‘కాంపూర్’ అన్నది షట్టరు పేరు, ‘టెస్సార్’ అన్నది లెన్సు పేరు. వీటిని అనేక సంస్థలు కొని తమ కెమెరాలకు బిగించుకున్నాయి కాబట్టి అవి తయారీదారును చెప్పవు. తయారీదారు పేరు పైతోలు మీద అచ్చుగానో, వెనుక తలుపు లోపలనో ఉండవచ్చు. లోపల వరుసగా కనిపించే పేటెంటు తేదీలను తయారీ సంవత్సరంగా చదవడం మరో పొరపాటు. ఆ వరుసలోని చివరి తేదీకి ముందు ఆ కెమెరా తయారై ఉండదని మాత్రమే వాటినుంచి తెలుస్తుంది.

కాలాన్ని పట్టిచ్చే గుర్తుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది షట్టరు వేగాల వరుస, అంటే షట్టరు సెకనులో ఎన్నో వంతు తెరుచుకుంటుందో చెప్పే అంకెలు. 25, 50, 100 అని ఉంటే పాత పద్ధతి; 30, 60, 125 అని ఉంటే అది 1950 దశకంలో క్రమంగా స్థిరపడిన కొత్త పద్ధతి. లెన్సును వెలుగులో వంచి చూసినప్పుడు నీలిరంగో ఊదారంగో మెరిస్తే దానికి పూత ఉన్నట్టు, పూత సాధారణమైనది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతే. అయితే పాత లెన్సుకు తరువాత పూత వేయించినవారూ, పాత కెమెరాకు ఫ్లాష్ తీగ తగిలించే కొక్కీని తరువాత పెట్టించినవారూ ఉన్నారు కనుక ఒక్క గుర్తునే నమ్మి తీర్పు చెప్పకూడదు. అమెరికాలో తయారైన చాలా కొడాక్ లెన్సుల నంబరు ముందుండే రెండక్షరాలు మాత్రం నిక్కచ్చిగా సంవత్సరం చెబుతాయి: ‘కామెరోసిటీ’ (CAMEROSITY) అన్న మాటలోని పది ఇంగ్లీషు అక్షరాలు వరుసగా 1 నుంచి 9 వరకూ, ఆపై సున్నాకూ గుర్తులు, కనుక ‘ఈఓ’ (EO) అని ఉంటే 1946.

నకిలీల బెడద ప్రధానంగా లైకాలకే ఉంది. ఖార్కివ్‌లో 1934 నుంచి తయారైన ఫెడ్, మాస్కో దగ్గర 1948లో మొదలైన జోర్కీ, రెండూ పాత లైకా రూపాన్ని అనుసరించినవే. వాటి మీది పేరు చెరిపి లైకా అని చెక్కి, కొన్నిటికి బంగారు రంగు పూసి, జర్మన్ సైనిక చిహ్నాలు వేసి అమ్ముతుంటారు. చెక్కడం ఎంత ఆడంబరంగా ఉంటే నా అనుమానం అంత పెరుగుతుంది. లెన్సు విప్పి లోపలికి చూస్తే చాలాసార్లు సందేహం తీరిపోతుంది: అసలు లైకాలో రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే అమరిక) చేతి చివర చిన్న గుండ్రని చక్రం ఉంటుంది, ఈ నకళ్లలో సాధారణంగా వేలి ఆకారపు లోహపు ముక్క ఉంటుంది. సీరియల్ నంబరు కూడా సరిచూడాలి గాని, లైకాలు తయారుచేసిన లైట్జ్ కర్మాగారమే పాత కెమెరాలను కొత్త నమూనాలుగా మార్చి పాత నంబరు ఉంచేసేది కనుక, నంబరుకూ రూపానికీ పొంతన లేనంత మాత్రాన అది నకిలీ కాదు.

స్థితి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. లెన్సు వెనుకనుంచి టార్చి వేస్తే బూజూ, మసకా కనిపిస్తాయి. చీకటి గదిలో బెలోస్ (మడత కెమెరాలో లెన్సుకూ పెట్టెకూ మధ్య సాగే మడతల గొట్టం) లోపల టార్చి వెలిగిస్తే మడతల్లోని చిల్లులు చుక్కల్లా మెరుస్తాయి. తయారీ ఆగిపోయిన కొడాక్ 620 ఫిల్ము కోరే కెమెరా ఎంత బాగున్నా, 120 ఫిల్మును సన్నని 620 స్పూలుకు చుట్టుకునే ఓపిక ఉన్నవారే కొంటారు కాబట్టి ఆ మేరకు ధర తగ్గుతుంది.

వేలంపాటల వార్తలు చదివి వెల ఊహించుకోవడం వల్ల ఉపయోగం లేదు. 2022లో జర్మనీలోని వెట్జ్‌లార్‌లో ఒక లైకా కమీషనుతో కలిపి 1 కోటి 44 లక్షల యూరోలకు అమ్ముడైందంటే, అది ఇరవై పైచిలుకు మాత్రమే తయారైన తొలి ప్రయోగాత్మక వరుసలోది, పైగా లైకా రూపకర్త ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడినది. మామూలు కెమెరాకు కొలమానం, అదే నమూనా, అదే లెన్సు, అదే స్థితిలో ఇటీవల నిజంగా అమ్ముడైన ధర; అమ్మేవాళ్లు అడిగే ధర కాదు. అమ్మదలచినవారు మెరుగు పెట్టించకుండా, దుమ్ము మాత్రం తుడిచి, బిగుసుకున్న షట్టరును బలవంతంగా నొక్కకుండా ఉంచాలి. నంబరు సరిపోయే పెట్టె, తోలు సంచి, కొనుగోలు రసీదు ఉంటే వాటిని విడివిడిగా కాక కెమెరాతో కలిపే అమ్మాలి.