ఆర్‌లో సాయం ఎక్కడ దొరుకుతుంది: చెరువుల లెక్కలతో నా అనుభవం

మాది భీమవరం దగ్గర ఊరు. పగలంతా ఆక్వా ల్యాబ్‌లో నీటి పరీక్షలు, మిగిలిన టైములో పీహెచ్‌డీ. వనామీ రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ఎంతకి పడిపోతోంది, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు పెంచితే ఎంత తేడా వస్తోంది, ఇదీ నా విషయం. రాత్రిపూట నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటుంది కాబట్టి పొద్దు పొడిచే ముందు డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, బాగా దిగిపోతుంది. రైతుకి టెన్షన్ ఆ వేళలోనే. పరీక్షలు నాకు అలవాటే, లెక్కలే కొత్త. ఒకే చెరువుని మళ్లీ మళ్లీ కొలుస్తాం కనుక సగటులని పోల్చే మామూలు అనోవా పద్ధతి సరిపోదు, ఒకే చెరువు కొలతలకి ఒకదానితో ఒకటి పోలిక ఉంటుందని లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ కట్టాలి అన్నారు మా గైడ్ మేడమ్.

కొనే సాఫ్ట్‌వేర్ నా జీతానికి అందదు. టౌన్లో ఒకాయన క్రాక్ వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానన్నాడు. థీసిస్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడామో రాయాలి కదండీ, దొంగ కాపీ అని రాసుకుంటామా? అలా ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చాను. ఉచితం అనగానే ల్యాబ్‌లో అందరూ అడిగింది ఒకటే: ఎక్కడైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేస్తావు?

ఫోన్ నంబరంటూ ఏమీ లేదు. పైగా ఆర్ తెరవగానే, దీనికి ఎలాంటి వారంటీ లేదని పెద్ద అక్షరాల్లో చెబుతుంది. ఆ మాట చదివి భయపడేవాళ్లు దాని కింది లైన్లు చదవరు. హెల్ప్ కావాలంటే ఏం టైప్ చేయాలో, బ్రౌజర్‌లో చదవాలంటే ఏం టైప్ చేయాలో అక్కడే రాసి ఉంటుంది. ‘హెల్ప్ డాట్ స్టార్ట్’ అని కొడితే ఇన్‌స్టాల్ అయినప్పుడే మన సిస్టంలోకి వచ్చిన మాన్యువల్స్ తెరుచుకుంటాయి. నెట్ అక్కర్లేదు. వాన మబ్బు కమ్మితే సిగ్నల్ మాయమయ్యే మా ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

ఆర్‌లో ఒక్కో పని చేసిపెట్టే ఆదేశాన్ని ఫంక్షన్ అంటారు. ఏ ఫంక్షన్ పేరుకైనా ముందు ప్రశ్నార్థకం పెట్టి కొడితే దాని పేజీ వస్తుంది. పేరు తెలియకపోతే రెండు ప్రశ్నార్థకాలు పెట్టి విషయం రాస్తే వెతికిపెడుతుంది. ఈ పేజీలు విషయం తెలిసినవాళ్ల కోసం రాసినవి. పైనుంచి చదవడం మొదలుపెడితే మూడో పేరాకి నిద్రొస్తుంది. నేను అడుగు నుంచి చదువుతాను. చివర్లో ఉదాహరణలుంటాయి. అవి నడిపి చూసి, ఏది మారిస్తే ఏమవుతోందో తెలిశాక పైకి వెళితే ఆ వివరణ అర్థమవుతుంది. నేర్చుకునేవాళ్ల కోసం రాసినవి వేరే ఉన్నాయి, వాటిని విన్యెట్ అంటారు. ప్యాకేజీ అంటే ఆర్‌కి అదనంగా జోడించుకునే ఫంక్షన్ల కట్ట; అది రాసినవాళ్లే ఒక సమస్య తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తారు. అన్ని ప్యాకేజీలకీ ఉండవు. మంచి విన్యెట్ ఉన్న ప్యాకేజీనే నేను ముందు ఎంచుకుంటాను.

మరీ మొదటి మెట్టు కోసం ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ చూశాను. ఒక్కోటీ సుమారు 10 నిమిషాలు. కొన్ని సాఫ్ట్‌వేర్లకి తెలుగు ఆడియో కూడా ఉంది. సగం తెర మీద పాఠం, మిగతా సగంలో మన పని. ఇన్‌స్టాల్ చేయడం, ఫైలు తెరవడం వంటివాటికి ఇంతకన్నా సుళువైన దారి లేదు. మిక్స్‌డ్ మోడల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అవి చాలవు.

దానికి ఎల్‌ఎంఈ4 అనే ప్యాకేజీ వాడాను. అందులోనే ‘స్లీప్ స్టడీ’ అని ఒక నమూనా డేటా ఉంది. నిద్ర తగ్గించిన 18 మందిని 10 రోజుల పాటు కొలిచిన 180 వరుసలు. మనిషి ఉన్నచోట చెరువు, స్పందన వేగం ఉన్నచోట డీఓ అనుకుంటే అది నా లెక్కే. ముందు దాని మీద మోడల్ నడిపి, తర్వాత నా డేటా పెట్టాను.

మోడల్ నడిచింది. కానీ కనిపించిన తేడా కాకతాళీయమా కాదా అని తూచడానికి చూసే పి-విలువల కాలమే లేదు! మేడమ్ మొదట అడిగేది అదే. ఏదో ఆప్షన్ ఆన్ చేయలేదేమో అని మెనూలన్నీ గాలించాను. చివరికి ఆ ప్యాకేజీ హెల్ప్‌లోనే ‘పివాల్యూస్’ పేరుతో ఒక పేజీ కనిపించింది. మర్చిపోయి కాదు, కావాలనే వదిలేశారట. కొలతలు అన్ని చెరువులకీ సమానంగా లేకపోతే పి-విలువ లెక్కకి కావాల్సిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే అంకె ఎంత పెట్టాలో కచ్చితంగా చెప్పలేం, అందుకని. నా డేటా అచ్చం అలాంటిదే. కొన్ని చెరువులకి వానల్లో రీడింగులు లేవు, కొన్ని ముందే పట్టుబడి అయిపోయాయి. బదులుగా ఏమేం చేయవచ్చో కూడా ఆ పేజీలోనే ఉంది: రెండు మోడళ్లని పోల్చడం, అంచనా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చూపే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్స్ తీయడం, లేదా ఆ అంకెని ఉజ్జాయింపుగా కట్టే సాటర్త్‌వెయిట్ పద్ధతి కోసం ఎల్‌ఎంఈఆర్‌టెస్ట్ ప్యాకేజీ. నేను చివరిది వాడి, కారణం కూడా చాప్టర్‌లో రాశాను. అడగ్గానే ఒక నంబరు చేతిలో పెట్టే సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే నయమనిపించింది.

తర్వాత ఇంకో మెసేజ్: ‘సింగులర్ ఫిట్’. కొరుకుడు పడని మాట. కానీ ఏ పేజీ చూడాలో ఆ మెసేజ్‌లోనే ఉంది. మోడల్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు పెట్టామని దాని సారాంశం. ఆ బరువు ఎక్కడ పడిందో చెప్పే మనిషి కావాలి. తణుకులో స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారిని అడుగుదామనుకున్నాను. ఆయనకి వేల వరుసల ఫైలు పంపడం మర్యాద కాదు. డేటాని చిన్నది చేస్తూ, ఆ మెసేజ్ పోకుండా చూస్తూ వచ్చాను. ‘డీపుట్’ అనే ఫంక్షన్ ఆ కాస్త డేటానీ టెక్స్ట్‌గా మార్చిస్తుంది, అవతలివాళ్లు అతికించి నడుపుకోవచ్చు. ‘సెషన్ ఇన్ఫో’ మన వెర్షన్లు చెబుతుంది. ఈ రెండూ పెట్టి పంపాను.

మాస్టారు ఆ సాయంత్రమే ఫోన్ చేశారు. “నువ్వు ఊరిని కూడా రాండమ్ ఎఫెక్ట్ కింద పెట్టావు. ఊళ్లెన్ని?”

“మూడండీ.”

“మూడు ఊళ్లతో ఊరికీ ఊరికీ మధ్య తేడా అది ఎలా అంచనా కడుతుందమ్మా? ఊరిని ఫిక్స్‌డ్‌లో పెట్టు, చెరువుని రాండమ్‌లో ఉంచు.”

రాండమ్ అంటే ఎన్నింటిలోనో కొన్నింటిని నమూనాగా తీసుకుని వాటి మధ్య తేడాలెంతో అంచనా కట్టడం, ఫిక్స్‌డ్ అంటే ఒక్కో ఊరి విలువనీ విడిగా లెక్కించడం. ఎల్‌ఎంఈ4 రాసినవారిలో ఒకరైన బెన్ బోల్కర్ రాసిన ప్రశ్నలు-జవాబుల్లోనూ ఇదే ఉందని ఆయనే చెప్పారు. మార్చాక ఆ మెసేజ్ పోయింది.

ఇంకోటి చెప్పాలి. రైతులు ఇచ్చిన పుస్తకాల్లో చెరువుల పేర్లు తెలుగులో ఉంటాయి, నేనూ అలాగే ఎక్కించాను. ల్యాబ్‌లోని పాత విండోస్ సిస్టంలో ‘పెద్ద చెరువు’ కాస్తా కోడ్ అంకెల దండలా కనిపించింది, ఇంట్లో కొత్త లాప్‌టాప్‌లో చక్కగా వచ్చింది. జవాబు వెర్షన్ల వార్తల పేజీలో దొరికింది: 2022లో వచ్చిన 4.2.0 నుంచి కొత్త విండోస్‌లో అన్ని భాషల అక్షరాలనీ దాచగలిగే యూటీఎఫ్-8 పద్ధతిని ఆర్ నేరుగా వాడుతోంది. ల్యాబ్ సిస్టంలో విండోస్, ఆర్ రెండూ మార్పించాను.

థీసిస్‌లో ఆర్ పేరు ఎలా రాయాలన్నది కూడా వెతకాల్సిన పనిలేదు. ‘సైటేషన్’ అని కొడితే రాయాల్సిన వాక్యం అదే ఇస్తుంది, ప్యాకేజీలకి విడివిడిగా కూడా. చాప్టర్ తిరిగొచ్చినప్పుడు మేడమ్ లెక్కల జోలికి పోలేదు. నలుపు-తెలుపు ప్రింటులో గ్రాఫు గీతలు ఒకదానిలా ఒకటి ఉన్నాయని మాత్రం గుండ్రం చుట్టారు. ఇప్పుడు గ్రాఫుల హెల్ప్ పేజీలో ఉన్నాను, కింది నుంచే చదువుతున్నాను.