గాలి అలల నుంచి చెరువు ఒడ్డును, తేలే బల్లను కాపాడుకోవడం: ఈ ఏటి పనుల వివరం

నల్లగొండకు పడమరగా ఉన్న మా ఊరి చెరువు తూర్పు ఒడ్డున, మా పట్టా భూమి శిఖాన్ని (చెరువు నీరు పరుచుకునే భూమిని) ఆనుకునే చోట, పక్షులను చూడటానికీ గాలం వేయడానికీ ఒక తేలే బల్ల కట్టుకున్నాను. శిఖంలో శాశ్వత కట్టడం తగదు కాబట్టి, గ్రామ పంచాయతీకీ మత్స్య సహకార సంఘానికీ చెప్పి, ఎప్పుడంటే అప్పుడు విప్పి గట్టుకు లాగగలిగేలా అమర్చాను.

చలిదేశాల్లో ఇలాంటి బల్లలకు మంచుగడ్డతో ముప్పు. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఆ గడ్డను గాలి ఒడ్డు మీదికి నెడితే పాతిన గుంజలు సైతం విరుగుతాయి. మనకు మంచు లేకపోయినా, మృగశిర నుంచి ఆశ్లేష దాకా వీచే పడమటి గాలి, ఎండాకాలానికీ మత్తడి (అలుగు) దుంకే రోజులకూ మధ్య నిలువెత్తు మారే నీటిమట్టం కలిసి అదే నష్టం చేస్తాయి.

అల ఎత్తు గాలి వేగంతో పాటు, ఆ గాలి అడ్డులేకుండా నీటి మీద సాగే దూరాన్ని బట్టి కూడా ఉంటుంది. పానగల్లు ఉదయసముద్రం లాంటి పెద్ద చెరువు మీద లేచేంత అల మా చెరువులో లేవదు. అయినా తూర్పు ఒడ్డు కావడం వల్ల, చెరువంతా దాటి వచ్చిన అల మా దగ్గరే తగులుతుంది. అది ఒడ్డును అడుగున తొలుస్తుంది. నీరు తగ్గాక చూస్తే, పైన గడ్డి పచ్చగా నిలిచే ఉంటుంది గాని, దాని కింద మోచేతి దాకా చేయి దూరే గుల్ల ఉంటుంది. అంచున కాలు పెడితే పెళ్ల విరిగి పడుతుంది.

అందుకే నీరు అడుగంటిన రోహిణి కార్తెలో రాతి పని చేయించాను. నిట్టనిలువుగా ఉన్న అంచును, ఒక అడుగు ఎత్తుకు రెండడుగుల వాలు వచ్చేలా చెక్కించాము. కేవలం రాళ్లు పేరిస్తే సరిపోదు. అల వెనక్కి మళ్లేటప్పుడు రాళ్ల సందుల్లోంచి మట్టిని లాగేస్తుంది, కొన్నాళ్లకు రాళ్లే గుంతలోకి కుంగుతాయి. మట్టి మీద మొరం, దాని మీద కంకర, ఆపైన రాయి వస్తే, నీరు వచ్చిపోతుంది గాని మట్టి కదలదు. అట్టడుగున మోకాలిలోతు గాడి తీసి పెద్ద గుండ్లను దింపాము, ఎందుకంటే ఆ వరుస జారితే పైవన్నీ జారతాయి. రాళ్లను పడుకోబెట్టకుండా, పొడవు వైపు వాలులోకి దిగేలా గుచ్చి పేర్చమని మా ఊరి నీరటి (చెరువు నీటిని చూసుకునే) పెద్దాయన చెప్పారు. అలా పేర్చిన రాయి చేత్తో ఊపినా కదలలేదు.

ఆరుద్రలో వానలు పడగానే రాతి పైఅంచు వెంట జానెడు దూరం కూడా లేకుండా వట్టివేరు పిలకలు నాటాము. దాని వేర్లు పక్కలకు పాకకుండా నిలువునా లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. నీటి అంచున ఉన్న జమ్మును, బల్ల దారి మేరకు తప్ప, కోయనివ్వలేదు. అల దానిలోంచి వచ్చేసరికే సగం నెమ్మదిస్తుంది.

బల్లకు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు ఆరు వాడాను. పూర్తిగా మునిగితే ఆరూ కలిసి దాదాపు 1,200 కిలోలు మోస్తాయి. సగమే మునగాలని, చట్రం, చెక్క, మనుషులు అంతా కలిపి 600 కిలోలకు మించనివ్వను. చెరువు అడుగున పాతిన నాలుగు జీఐ పైపులకు వదులైన ఇనుప కడీలు (రింగులు) తొడిగి బల్లను కట్టడం వల్ల అది నీటితో పాటు లేస్తుంది, దిగుతుంది. మత్తడి దుంకే రోజుల్లో నీరు మత్తడి మట్టాన్ని కూడా దాటుతుంది కాబట్టి, పైపులను దానికి నాలుగడుగుల పైదాకా ఉంచాను. కడీల లోపల పాత రబ్బరు గొట్టం ముక్కలు చుట్టాను. గాలికి ఒరిపిడి పడమటి రెండు పైపుల మీదే ఎక్కువ, అక్కడి రబ్బరు ఇప్పటికే పలచబడింది.

ఉత్తరాన రాళ్లు ఆగిన చోట అల మలుపు తిరిగి మట్టిని కోయడం మొదలుపెట్టింది. ప్రస్తుతానికి ఇసుక బస్తాలు వేశాను. వచ్చే రోహిణిలో ఆ చివరి వరుసను ఒడ్డు లోపలికి వంచి, మట్టిలో పూడ్చి ముగించాలి.