మెడ అరిగిపోయిందన్నారు

రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసరికి కుడి చెయ్యి నాది కాదనిపించింది. బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారిపోయాయి. మెడ నుంచి మోచేయి దాకా ఒకటే లాగుడు. చెయ్యి నెత్తిమీద పెట్టుకుంటే కాస్త తగ్గేది, దించితే మళ్ళీ మొదలు. పక్షవాతమేమోనని వణికిపోయాను. మా ఆవిడ ఒక్కో వేలూ నొక్కుతూ "తెలుస్తోందా?" అని తెల్లవార్లూ అడుగుతూనే ఉంది. నిజానికి ఆ రాత్రే ఆసుపత్రికి పరిగెత్తాల్సింది.

స్కాన్‌లో తేలింది, మెడలో 5, 6 పూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందని. డాక్టరుగారు ఫిల్మ్ చూసి, నా మొహం చూడకుండానే, "మెడ అరిగిపోయిందండీ, ఇక జీవితాంతం ఇంతే" అన్నారు. మందులూ, మెడకి పెట్టుకునే కాలరూ రాశారు. నొప్పికన్నా ఆ మాటే నన్ను ఎక్కువ పడుకోబెట్టింది. మూడు వారాలు మెడ తిప్పితే ఏం విరుగుతుందోనని భయపడి, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిప్పేవాణ్ణి.

ఫిజియోథెరపిస్టు చిన్నమ్మాయి. ముందు నా చేతి బలం, నడక చూసింది. "సార్, నొప్పే లేనివాళ్ళకి స్కాన్ తీసినా ఈ వయసులో అరుగుదల కనిపిస్తుంది" అంది. నాకు ఏడుపొచ్చింది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే!

వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా, 'ఊఁ' అన్నట్టు గడ్డాన్ని కొద్దిగా లోపలికి లాగి 10 సెకన్లు పట్టి ఉంచమంది. చూడ్డానికి ఏమీ లేదు. కానీ నాలుగు అంకెలు లెక్కపెట్టేసరికి గొంతు పక్కన కండరాలు గజగజలాడాయి. తల దాదాపు 5 కిలోల బరువుంటుందట, దాన్ని ఆపాల్సిన లోపలి కండరాలు నా భయంతో మరీ నీరసించిపోయాయి. తర్వాత నుదుటికి అరచెయ్యి అడ్డంపెట్టి తలతో నెట్టడం, భుజాల రెక్కలు వెనక్కి బిగించడం, చివర్లో రబ్బరు బ్యాండుతో వ్యాయామం. మెడలో కాస్త సలుపు వస్తే పరవాలేదు, నొప్పి చేతిలోకి దిగితే మాత్రం తగ్గించమనేది.

ఆరో వారానికి తిమ్మిరి వేళ్ళని వదిలింది. మూడు నెలలకి నొప్పి కూడా పూర్తిగా పోయింది. దేవుడి దయ అనుకుంటాను, ఆ అమ్మాయి ఓపిక కూడా.

మీకెవరికైనా చేతిలో పట్టు తప్పుతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద అదుపు పోతున్నా వ్యాయామాలంటూ కూర్చోకండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఆ డాక్టరుగారి ముందుకెళ్ళి ఒక్కసారి మెడ అటూ ఇటూ తిప్పి చూపించాలని ఇప్పటికీ ఉంది. మా ఆవిడ వద్దంటోంది.