31 సెంటీమీటర్ల వ్యాగన్‌కు దారి

మేడ మీది గదిలో ఉన్న నా హెచ్‌ఓ (1:87 కొలత) నమూనా రైళ్ల లేఅవుట్ ఇంతకాలం బొగ్గు బండ్లకే అంకితం. కాజీపేట పక్కన ఇల్లు పెట్టుకుని బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ల రేకులను (ఒకదానికొకటి తగిలించిన వరుసలను) కాదనడం కష్టం. రామగుండం వైపు నుంచి వచ్చే గూడ్సులు కళ్ల ముందే పోతుంటాయి. బాక్స్‌ఎన్ పొడవు కప్లర్ (బండ్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కు 10.7 మీటర్లు. 1:87 కొలతకు దించితే 12 సెంటీమీటర్లు దాటుతుంది, అంతే. అంత పొట్టి వ్యాగన్ 56 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో ఏ పేచీ పెట్టదు. ఇప్పుడు కార్లు మోసే బండ్ల మీదికి మనసు మళ్లింది. దానితో లేఅవుట్‌కు రెండు కొసలూ విప్పాల్సి వచ్చింది.

నా దగ్గర రెండు రకాలున్నాయి. మొదటిది మన ఎన్ఎంజీ. పాతబడిన ఐసీఎఫ్ ప్రయాణికుల పెట్టెలకు కిటికీలు మూసేసి, సీట్లు పీకేసి, కొసల్లో తలుపులు అమర్చి కార్ల రవాణాకు మార్చిన బండ్లివి. అసలు బండి బఫర్లతో కలిపి 22.3 మీటర్లు, నమూనాలో 25.6 సెంటీమీటర్లు. దీన్ని ప్లాస్టిక్ షీటుతో నేనే కడుతున్నాను. రెండోది మా మేనల్లుడు అమెరికా నుంచి తెచ్చిన ఆటోరాక్: 89 అడుగుల చదును వ్యాగన్ మీద కార్ల కోసం అంతస్తులు కట్టిన రకం, అక్కడ 1960లలో బాగా వాడుకలోకి వచ్చింది. నమూనాలో 31 సెంటీమీటర్ల పైమాటే.

రెండు దేశాల బండ్లను ఒకే పట్టాల మీద నడపడమేమిటని పెదవి విరిచేవారు ఉంటారు. 16.5 మిల్లీమీటర్ల ఎడం ఉన్న హెచ్‌ఓ పట్టాల మీద మన రైలును నడపడమే ఒక సర్దుబాటు. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌ను 87తో భాగిస్తే 19 పైన రావాలి. దానికి తలూపినవాడిని, దీనికి మాత్రం ఎందుకు బెట్టు చేయాలి?

పొడవాటి వ్యాగన్‌తో చిక్కంతా చక్రాల దగ్గర ఉండదు, చక్రాలు లేని చోట ఉంటుంది. ఎడ్లబండి మీద వేసుకెళ్లే వెదురు బొంగులు సందు మలుపులో గోడను గీరినట్టే ఇక్కడా జరుగుతుంది. రెండు ట్రక్కుల (వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాల) నడిమి దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగించండి. మలుపులో వ్యాగన్ నడుము పట్టా మధ్యరేఖ నుంచి ఎంత లోపలికి జరుగుతుందో తెలుస్తుంది. ఆటోరాక్‌కు ఆ దూరం 23.1 సెంటీమీటర్లు. 56 సెంటీమీటర్ల మలుపులో నడుము 12 మిల్లీమీటర్లు లోపలికి పోతుంది, కొసలు దాదాపు 10 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొస్తాయి. పక్కనున్న బాక్స్‌ఎన్ కప్లర్ మాత్రం దాదాపు మధ్యరేఖ మీదే ఉంటుంది. ఆ 10 మిల్లీమీటర్ల తేడాను కప్లర్ కాడ భరించలేదు. పొట్టి వ్యాగన్‌ను పక్కకు లాగి పట్టా దింపేస్తుంది.

అమెరికాలోని అభిరుచిపరుల్లో ఒక లెక్క స్థిరపడి ఉంది. వ్యాసార్థం వ్యాగన్ పొడవుకు రెట్టింపు ఉంటే అతికష్టం, రెండున్నర రెట్లుంటే చాలావరకు నడుస్తుంది, మూడు రెట్లుంటే నిశ్చింత, ఐదు రెట్లుంటే మలుపులోనే కప్లర్లు వాటంతటవే కలుస్తాయి. మూడు రెట్లంటే నాకు 93 సెంటీమీటర్లు కావాలి, అక్కడ ఇనుప బీరువా అడ్డం. దాన్ని జరిపే మాట ఇంట్లో ఎత్తలేదు. 80 దగ్గర ఆగాను. రెండున్నర రెట్లకు పిసరంత ఎక్కువ.

8×4 ప్లైవుడ్ బల్ల 4 అడుగుల వెడల్పులో 80 సెంటీమీటర్ల మలుపు పట్టదు. అందుకే కొసలను 6 అడుగులకు విప్పాను. తిన్నని దారి నుంచి మలుపులోకి ఒక్కసారిగా దూకకుండా, మలుపును సుమారు 12 మిల్లీమీటర్లు లోపలికి జరిపి, సన్నటి చెక్క బద్దను వంచి ఆ గీత వెంట పట్టా పరిచాను. ఈ బద్ద వంపు వల్ల వచ్చిన తేడా వ్యాసార్థం పెంచడం వల్ల వచ్చినదానికంటే తక్కువేమీ కాదని నా అభిప్రాయం. పొడవాటి బండి మలుపులోకి జారినట్టు పోతుంది. ఇంతకుముందు ఉలిక్కిపడేది.

జంట పట్టాల మధ్య దూరం తేలికగా తీసుకోకూడదు. తిన్నటి చోట 50 మిల్లీమీటర్లు చాలు. మలుపులో మాత్రం బయటి పట్టా మీది బండి నడుము లోపలికి 8, లోపలి పట్టా మీది బండి కొస బయటికి 7, రెండింటి సగం వెడల్పులు కలిపి 36: మొత్తం 51. అంటే ఎదురెదురు బండ్లు గీసుకోవడం ఖాయం. అక్కడ 60కి పెంచాను. నమ్మకం కోసం అట్టతో 31 సెంటీమీటర్ల ఉత్తుత్తి వ్యాగన్ చేసి, నడుము దగ్గర, మూలల దగ్గర పెన్సిల్ ముక్కలు గుచ్చి మలుపంతా తోశాను. ప్లైవుడ్ మీద పడిన గీతలే హద్దులు. ప్లాట్‌ఫారం అంచు, సిగ్నల్ స్తంభాలు, సొరంగం నోరు అన్నీ ఆ గీతలకు అవతలే.

దారి చీలే పాయింట్ల దగ్గర పెద్దగా ఆలోచించలేదు. పెకో కంపెనీ మధ్యరకం పాయింటు వ్యాసార్థం 914 మిల్లీమీటర్లు, పెద్దరకం 1524. ఒక లైను నుంచి పక్క లైనుకు దాటే చోట ఎడమ, కుడి వంపులు వెంటవెంటనే వస్తాయి కాబట్టి అక్కడ పెద్దరకమే వేశాను. వేరేచోట్ల వంపు తిరిగే ముందు ఒక వ్యాగన్ పొడవున తిన్నని ముక్క వదిలాను.

బరువుకు ఎన్ఎంఆర్ఏ (అమెరికాలోని నమూనా రైళ్ల సంఘం) లెక్క ఒక ఔన్సు, పైగా వ్యాగన్ పొడవులో అంగుళానికి అర ఔన్సు. ఆటోరాక్‌కు 200 గ్రాములు, ఎన్ఎంజీకి 170 గ్రాములు. కారు చక్రాల బ్యాలెన్సింగ్‌కు టైర్ల దుకాణంలో వాడే అంటుడు బరువులు హనుమకొండలో ఎక్కడైనా దొరుకుతాయి. 5, 10 గ్రాముల ముక్కలుగా ఉంటాయి, వ్యాగన్ అడుగున చక్కగా కూర్చుంటాయి. ఒక ట్రక్కు మర ఊగకుండా బిగించి, రెండోది కాస్త వదులుగా ఉంచాలి. అప్పుడే పట్టాల ఎగుడుదిగుళ్లకు నాలుగు మూలలూ నిలుస్తాయి. ట్రక్కుకే తగిలించిన కప్లర్లు తీసేసి, వ్యాగన్ ఒంటికి పొడవు కాడ ఉన్న కేడీ కంపెనీ కప్లర్లు బిగించాను. ట్రక్కు మీది కప్లర్ ఇరుకు మలుపులో లాగేటప్పుడు బాగానే ఉంటుంది. వెనక్కి నెట్టినప్పుడు ట్రక్కునే అడ్డం తిప్పేస్తుంది.

మా వీధిలో ఒక రిటైర్డు గార్డు గారున్నారు. మెట్లెక్కి వచ్చి, రేకు కూర్పు చూసి, "ఖాళీ పొడవు బండిని ఇంజను వెనక పెట్టకు బాబూ, వెనక బరువంతా దాన్నే లోపలికి గుంజుతుంది" అన్నారు. పరీక్షిస్తే ఆయన మాటే నిజమైంది. నిండు బాక్స్‌ఎన్‌లు వెనక ఉంటే ఆటోరాక్ మలుపు లోపలికి వాలుతోంది. అమెరికా రైల్వేలు కూడా పొడవు, పొట్టి వ్యాగన్లను పక్కపక్కన కలపడానికి ఆంక్షలు పెడతాయి. ఇప్పుడు నా కార్ల బండ్లన్నీ రేకు తోక వైపే.

వేసవిలో ఈ గది కొలిమే. మీటరు పట్టా 20 డిగ్రీల వేడికి దాదాపు 0.3 మిల్లీమీటర్లు సాగుతుంది. మలుపుల్లో అతుకులకు టంకం పెట్టి, తిన్నటి చోట సన్నటి ఖాళీలు వదిలాను.

ఎన్ఎంజీ రెండో పెట్టెకు కొస తలుపులు అతికించాలి. రేకు మొత్తాన్ని పాయింట్ల మీదుగా వెనక్కి నెట్టే పరీక్ష మిగిలే ఉంది. అది తేలేదాకా యార్డులో మూడో లైనుకు పొడవాటి బండ్లు వెళ్లవు.